మంట కనపడని నూనె

దయాకుమారి ఫోన్లో చెప్పింది విన్నాక కూడా దేవదానం కారు దిగలేదు. కొంచెంసేపు స్టీరింగు పట్టుకుని అలాగే కూర్చున్నాడు.

ఆమె, కూలీ అంజి బుధవారం చనిపోయిన ఆసుపత్రిలో నర్సు. పాలకొల్లు వైపు మనిషి. ఇద్దరూ ఒకే చర్చికి వెళ్తారు కాబట్టి అన్నయ్యా అని పిలుస్తుంది. అంజిది గుండెపోటు కాదని చెప్పింది. రక్తం పరీక్షలో మిథనాల్ బయటపడిందట. మన వైపు కల్తీసారా తాగి మనుషులు వరసగా పడిపోయినప్పుడు పేపర్లో రాసేది ఆ స్పిరిట్ గురించే. చూడ్డానికి నీళ్ళలా ఉంటుంది. లోపలికి పోయాక ఒకటి రెండు పూటలు ఏమీ ఎరగనట్టు ఊరుకుని, అప్పుడు కాటేస్తుంది.

"లేబర్ క్యాంపు మనుషులు ఒక్కళ్ళే కూర్చుని తాగరు అన్నయ్యా. పక్కన ఇంకోడు ఉండే ఉంటాడు. సిగ్గుకొద్దీ దుప్పటి కప్పుకుని పడుకుని ఉంటాడు. ముందు చూపు పోద్ది, తర్వాత మనిషి పోతాడు. విరుగుడు మా దగ్గరుంది, మనిషిని దొరకబుచ్చుకుని తీసుకురండి."

దేవదానం బీమా కంపెనీ తరఫున ప్రమాదాలు విచారించే మనిషి. ఆ శుక్రవారం పొద్దున షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలోని ఆ షెడ్డుకు వచ్చింది, పనిలో కూలబడి చనిపోయిన కూలీ ఫైలు ముగించడానికి. ఇప్పుడు ఫైలు పక్కకు పోయింది. ఆ రెండో మనిషి ఎవడో తేలాలి.

సెలవు రోజైనా షెడ్డులో ఇద్దరున్నారు. ఒకడు హన్మాండ్లు, అంజి ఊరివాడే, జగిత్యాల దగ్గర పల్లె. గోడ పక్కన నిలబడి చెక్కముక్కలు జల్లెడ పడుతున్నాడు. రెండోవాడు రాధాకృష్ణ, ఈ షెడ్డుకు ఇంజనీరు. కాకినాడ కాలేజీలో దేవదానంతో ఒకే బెంచీ మీద కూర్చున్నవాడు. ఆ రోజుల్లో ఒకడికి మార్కులొస్తే రెండోవాడికి అన్నం సహించేది కాదు. పాతికేళ్ళు గడిచినా అందులో పెద్ద తేడా రాలేదు.

"ఏరా దానం, పొట్ట వచ్చింది," అన్నాడు రాధాకృష్ణ. "గుండె ఆగింది, ఖలాస్. ఎండకి మనుషులు పడిపోతారు. నువ్వొచ్చి మూలమూలా వాసన చూస్తే లేచొస్తాడా?"

దేవదానం రక్తం రిపోర్టు మాట ఎత్తలేదు. ముందు యంత్రం ఏమిటో చెప్పమన్నాడు. యంత్రం గురించి అడిగితే రాధాకృష్ణ ఆగడని అతనికి తెలుసు.

షెడ్డు మధ్యలో ఉన్న ఆ యంత్రం పిండిమిల్లుకీ పెళ్ళి వంటల గాడిపొయ్యికీ పుట్టిన బిడ్డలా ఉంది. కూల్చేసిన ఖర్జూరపు మొద్దులు, సైట్లలో పారేసిన చెక్క పలకలు ముక్కలుగా కొట్టి, బొగ్గుపొడీ ఒక తెల్లటి ఉత్ప్రేరకం పొడీ కలిపి, గాలి చొరబడని డబ్బాలో పోస్తారు. ఇళ్ళలో అన్నం వేడిచేసుకునే మైక్రోవేవ్ ఉంటుందే, ఆ కిరణాలే, కాకపోతే చాలా పెద్ద ఎత్తున. చెక్క మండకుండానే లోపల్నుంచి కాగి ఆవిరైపోతుంది. ఆ ఆవిరి చల్లటి గొట్టంలోంచి దిగుతూ బొట్లు బొట్లుగా నూనె అవుతుంది. చెత్త చెక్కలోంచి డీజిల్ లాంటిది తీస్తున్నామని రాధాకృష్ణ చెప్పాడు. రేపు అబుధాబి నుంచి పెద్దలు వస్తున్నారని, వాళ్ళు ఊ అంటే ఇలాంటి యంత్రాలు పది పెడతారని చెప్పాడు. కిందటి వారం అరబ్బు యజమానికి, అదే కఫీల్‌కు చూపించిన ప్రదర్శన గురించి చెప్పేటప్పుడు అతని మొహం వెలిగిపోయింది.

"బయట ఎండలో పళ్ళెంలో పోసి అగ్గిపుల్ల వేశాను. ఎంత శుభ్రంగా మండిందంటే మంట కంటికి ఆనలేదు. అంటుకోలేదనుకుని కఫీల్ చెయ్యి పెట్టాడు, వేసుకున్న తెల్ల అంగీ, ఆ కందూరా అంచు మాడింది. పొగ లేదు, మసి లేదు."

దేవదానం తల ఊపాడు. చెక్కలోంచి వచ్చింది ఏదైనా పసుప్పచ్చగా మండుతుంది, మసి కడుతుంది. పట్టపగలు మంట కనపడకుండా మండేది ఏమిటో, అదే బెంచీ మీద కూర్చుని ఇద్దరూ చదువుకున్నదే.

అంజి కూలబడ్డ చోటు చూపించమన్నాడు. గ్యాస్ సిలిండర్ల వెనక సందు అది. రేపటి ప్రదర్శన కోసం ఈ వారమే నేలంతా ఆకుపచ్చ రంగు వేయించారు. సందులో గాలి ఆడక అది ఇంకా పూర్తిగా గట్టిపడలేదు. రెండు రంగుడబ్బాలు బోర్లించి ఉన్నాయి, ఎదురెదురుగా, మోకాళ్ళు తగిలేంత దగ్గరగా. ఒక్కో డబ్బా ముందు నేల మీద రూపాయి బిళ్ళంత మచ్చ ఉంది. అక్కడ రంగు పొక్కి, పాల మీది మీగడలా ముడతలు పడింది.

"ఆసిడ్ చుక్కలు," అన్నాడు రాధాకృష్ణ వెనకనుంచి. "ఈ నూనెలో పులుపు ఉంటుంది. మోసేటప్పుడు చిందుతుంది."

"అయితే యంత్రం ఒకసారి నడిపించు. చూద్దాం."

"ఇది నీ అత్తగారి మిక్సీ అనుకున్నావా?"

"రేపు పెద్దల ముందు ఎలాగూ నడపాలిగా. నా ముందు నడపడానికి భయమేంటి?"

పౌరుషం ఆ మనిషిని ఎప్పుడూ ముందుకే తోస్తుంది. హన్మాండ్లు చెక్కముక్కలు నింపాడు, రాధాకృష్ణ మీటలు తిప్పాడు. హోరు మొదలైంది. కొంతసేపటికి గొట్టం చివర బొట్లు రాలాయి. నల్లగా, జిగురుగా, మాడిన చింతపండు పులుసులా ఉంది ఆ ద్రవం. పొగ వాసనకు ముక్కుపుటాలు మండాయి. దాన్ని నోట్లో పెట్టుకునే మనిషి ఈ భూమ్మీద ఉండడు. దేవదానం ఒక చుక్క పట్టుకెళ్ళి సందులో నేల మీద వేశాడు. గోధుమరంగు మరక పడింది గానీ రంగు పొక్కలేదు. మిగిలినదాంట్లో వెలుగుతున్న అగ్గిపుల్ల ముంచాడు. చుయ్ మని ఆరిపోయింది.

"ఇది మండదేం?"

"ఇవాళ చెక్క తడిగా ఉంది."

"ఎడారిలో."

రాధాకృష్ణ మీట వెనక్కి తిప్పి యంత్రం ఆపాడు. చెమట పట్టిన అరచేతిని ప్యాంటుకు తుడుచుకున్నాడు.

దేవదానం హన్మాండ్లును షెడ్డు వెనక నీడలోకి తీసుకెళ్ళి కూర్చోబెట్టాడు. నలభై దాటిన మనిషి. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మంగళవారం పని దిగాక అంజి ఎక్కడున్నాడని అడిగితే నాకెర్కలే సారూ అన్నాడు. నువ్వెక్కడున్నావంటే గదీ యాదికి లేదన్నాడు. బుధవారం పొద్దున అంజి వాంతులు చేసుకున్నాడు కదా అంటే ఎండదెబ్బ అన్నాడు. ఏది అడిగినా చూపు నేలమీదే. దొంగలు ఇలా కూర్చోరు, వాళ్ళు ఎదటి మనిషి మొహాన్ని కనిపెడుతూ ఉంటారు. సిగ్గుతో చచ్చిపోతున్నవాడే ఇలా కూర్చుంటాడు.

"మీ వైపు గ్లాసు నోటి దగ్గర పెట్టే ముందు మొదటి చుక్కలు ఎవరికి పోస్తారు?" అని అడిగాడు దేవదానం. ఎన్నో క్యాంపు గదుల్లో అది చూశాడు.

హన్మాండ్లు వేళ్ళతో నేల మీద చిలకరించినట్టు చూపించాడు. "ఎల్లమ్మ తల్లికి. సాక అంటం."

"ఎవరి సాక వాళ్ళే పోసుకోవాలి కదా. ఒకడు పోస్తే ఇంకోడికి చెల్లదు."

"చెల్లది."

"ఆ సందులో రెండు సాకలున్నాయి హన్మాండ్లూ. ఒకటి అంజిది."

దేవదానం జేబులోంచి ఫోను తీశాడు. ఫైల్లో అంజి భార్య ఐలవ్వ నంబరు ఉందని, అంజికి తాగుడు అలవాటుందో లేదో, ఎవరితో తాగేవాడో ఆమెనే అడుగుతానని అన్నాడు. నిజానికి అడిగే ఉద్దేశం లేదు. కానీ ఆ మాటకు హన్మాండ్లు కూర్చున్నవాడు కూర్చున్నట్టే ముందుకు వంగి అతని కాళ్ళు పట్టుకున్నాడు. తనకంటే పెద్దవాడేమో కూడా, బూట్ల మీద తల ఆనించాడు. దేవదానం కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు. ఇలాంటి ఎత్తులు వేసే నోటితోనేనా ఆదివారం పాటలు పాడేది అనుకున్నాడు. భుజాలు పట్టుకుని లేపాడు.

"ఆమెకు జెప్పకుండ్రి సారూ. మా ఊర్ల గుడుంబ బట్టీలు పలగ్గొట్టిన మనిషి ఆమె. ఆడోళ్ళందర్నీ ఎంటేస్కొని ఇల్లిల్లు తిరిగింది. దుబాయ్‌కి వచ్చేముందల బిడ్డ తలమీద చెయ్యి పెట్టి అంజి ఒట్టేసిండు, ముట్టనని. ఇగ తాగి సచ్చిండంటే ఊర్ల ఆమె తల ఎట్లెత్తుతది? గుండె ఆగిందని నేనే ఫోన్ల జెప్పిన."

తర్వాత అడగక్కర్లేకుండానే మిగిలింది వచ్చింది. ఈ షెడ్డులో పనికి చేరిన రోజే యంత్రం చూసి ఇద్దరూ నవ్వుకున్నారట. అచ్చం ఊళ్ళో నాటుసారా కాచే గుడుంబ బట్టీలానే ఉంది. లోపల కాగుతుంది, ఆవిరి లేస్తుంది, చల్లటి గొట్టంలో దిగి బొట్లు పడుతుంది. మొదట నల్లగా వచ్చినా మళ్ళీ కాగబెడితే తేట దిగుతుందని వాళ్ళకు తెలిసిన విద్య. సారు గదిలో ఏదో ఇంగ్లీషు చీటీ ఉన్న తెల్లటి క్యాను కనపడితే, నీళ్ళలా తేటగా ఉన్న దాన్ని వాసన చూస్తే, ఇంకేం, ఇది సారు తనకోసం దాచుకున్న కట్టెల సారా అనుకున్నారు. ఇప్పపూలతో తీసినప్పుడు కట్టెతో మాత్రం ఎందుకు రాదు? షార్జాలో ఎక్కడా దొరకని వస్తువు, పక్క గదిలో ఊరికే ఉంది. హన్మాండ్లే నీళ్ళ సీసాల్లోకి ఒంపాడు.

"అంజి దొంగతనం జేసిండని రేపు ఎవలన్న అంటరు. గది నేను జేసిన సారూ. వాడు వద్దన్నడు. ఒక్క గిలాస అని నేనే పోసిన. నేను గుటక ఏస్తే పడక కక్కిన. వాడు తాగిండు."

"కళ్ళెలా ఉన్నాయి నీకు?"

"మబ్బు మబ్బుగ ఉంటున్నయి. ఏడ్సిన గదా, అందుకే అనుకుంటున్న."

రెండో మనిషి దొరికాడు. గుటకే కాబట్టి బతికాడు. ఆ క్యాను ఒక్కసారి చూసి కారెక్కించడమే అనుకుని, దేవదానం అతని చెయ్యి పట్టుకునే రాధాకృష్ణ గదిలోకి వెళ్ళాడు. బల్ల కింద తెల్లటి క్యాను ఉంది. దాని చీటీ గోకేసి ఉంది. మూత తీసి రెండు చుక్కలు కిటికీ ఎండలో గచ్చు మీద పోసి అగ్గిపుల్ల ముట్టించాడు. ఏమీ కనపడలేదు. కాగితం ముక్క పెడితే దాని అంచు నల్లబడి ముడుచుకుంది.

"కఫీల్ చూసిన నూనె ఇదే," అన్నాడు దేవదానం. "నీ నల్ల పులుసు పక్కన పెట్టి, ఈ మిథనాల్ పోసి వెలిగించావు."

"మోసం అనకు," అన్నాడు రాధాకృష్ణ. గొంతులో పాత దర్పం ఇంకా కొంచెం మిగిలుంది. "ఉత్ప్రేరకం కుదరడానికి ఆర్నెల్లు పడుతుంది. అప్పుడు నిజమయ్యేదాన్ని ముందుగా చూపించాను, అంతే. ప్రపంచంలో అందరూ చేసేదే. వీళ్ళు ఎత్తుకుపోయి తాగితే నా తప్పా? దొంగతనం అని రాసుకో."

"క్యాను తగ్గిందని ఎప్పుడు చూశావు?"

రాధాకృష్ణ హన్మాండ్లు వైపు చూసి చటుక్కున చూపు తిప్పుకున్నాడు.

"చీటీ మొన్నటిదాకా ఉంది. గోకిన పొట్టు ఇంకా బల్ల కిందే ఉంది చూడు. క్యాను తగ్గిందని కనిపెట్టాకే గోకావు. అంజి ఇక్కడ నేల మీద పొర్లుతున్నప్పుడే కనిపెట్టావు. అంబులెన్స్ వాళ్ళు ఏం తిన్నాడు, ఏం తాగాడు అని అడిగారు కదా. ఏం చెప్పావు?"

రాధాకృష్ణ కుర్చీలో కూర్చున్నాడు. పరీక్షలో కాపీ కొట్టి పట్టుబడ్డ కుర్రాడి మొహం వచ్చింది అతనికి, ఆ వయసులో.

"ఒక్క మాట," అన్నాడు చివరికి. "ఒక్క మాట చెప్తే చాలు, బతికేవాడు. నాకు తెలుసు. చెబితే ఇదెందుకు ఇక్కడుంది అని అడుగుతారు. గుండె అని వాళ్ళే అన్నారు. నేను ఊరుకున్నాను. అంతే రా. ఊరుకున్నాను."

దేవదానం కొట్టడానికి చెయ్యి ఎత్తినవాడు దించేశాడు. కాసేపటి క్రితం తానూ ఒక మనిషిని బూట్ల మీద పడేసినవాడే.

గుమ్మం దగ్గర హన్మాండ్లు ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తున్నాడు. వాళ్ళ మాటల్లో సగమే అతనికి అందింది.

"సారూ, గది మందు కాదా?"

"మందు కాదు. విషం. ఒక్క గ్లాసు చాలు."

"తాగుడెక్కువై సచ్చిండు అనుకున్న నేను." అతని చెయ్యి గోడకోసం వెతికింది. "మరి గా రెండు సీసలు?"

"ఏ సీసాలు?"

హన్మాండ్లు మొత్తం మూడు సీసాలు నింపాడట. ఒకటి ఇక్కడ విప్పారు. రెండు అంజి అల్ కుసైస్ క్యాంపులో తన పెట్టెలో దాచుకున్నాడు. నిన్న సామాను ఇంటికి పంపడానికి మేస్త్రీ రాజేశ్వర్ ఆ పెట్టె తెరిచాడు. సీసాలు చూసి వాసన పట్టి, పోనీలే, పనికొస్తాయన్నాడు. పక్కనే ఉన్న హన్మాండ్లు సిగ్గుతో నోరు విప్పలేదు. ఇవాళ మూడో దినం. క్యాంపు మిద్దె మీద పిట్టకు పెడతారు. పోయినవాడికి ఇష్టమైనవి, మటన్, మందు, విస్తట్లో పెట్టి దూరంగా నిలబడతారు. పిట్ట వచ్చి ముట్టిందంటే వాడికి కోరిక తీరినట్టు. అప్పుడు మిగిలింది అయినవాళ్ళందరూ తలా కొంత తీసుకోవాలి. కాదనకూడదు.

దేవదానం దయాకుమారికి ఫోన్ కలిపి రాధాకృష్ణ చేతిలో పెట్టాడు. "చెప్పు. బుధవారం చెప్పనిది ఇప్పుడు చెప్పు." రాధాకృష్ణ తన పేరు, విషం పేరు, అది తెచ్చింది తానేనన్న మాట, మూడూ చెప్పాడు. చెబుతూ గోడవైపు తిరిగి నిలబడ్డాడు. దయాకుమారి క్యాంపుకు అంబులెన్స్ పంపిస్తానంది.

ఈలోపు హన్మాండ్లు తన ఫోన్లో రాజేశ్వర్‌ను పట్టుకుని స్పీకర్ పెట్టాడు. అవతల మిద్దె మీద గాలి, మనుషుల మాటలు వినపడ్డాయి.

"అన్నా, పెట్టెలున్న సీసలు ముట్టకుండ్రి. అంజిని సంపింది గదే. గుండె కాదు. నేనే దెచ్చిన, నేనే పోసిన."

అవతల మాటలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. రాజేశ్వర్ గొంతు వచ్చింది.

"పిట్ట జల్ది ముట్టింది హన్మాండ్లూ. కోరికేం మిగల్లేదని సంబురపడ్డం. ఏడుగురం తాగినం. గంట దాటింది."

"అంబులెన్స్ వస్తోంది, కిందికి దిగండి," అన్నాడు దేవదానం ఫోను దగ్గరికి వంగి.

"దిగం సారు. దావఖానకు పోతే తాగినమని రాస్తరు. జైలు ఒకటి, ఇండ్లల్ల తెలుసుడు ఒకటి. అంజి తాగి సచ్చిండని ఐలవ్వకు ఎర్కైతది. గామె మొఖం మేం సూడలేం. మాకేం గాలేదు, మంచిగనే ఉన్నం." వెనకనుంచి ఎవరో అవునవునన్నారు. ఫోను కట్టయింది. మళ్ళీ చేస్తే స్విచాఫ్.

ఏమీ కాలేదన్నది నిజమే. ఈ పూటకు ఏమీ కాదు. గదులకు గడియలు పెట్టుకుని దుప్పట్లు కప్పుకుంటారు. అంబులెన్స్ వాళ్ళు వరండాలో నాలుగు తలుపులు తట్టి వెళ్ళిపోతారు. దేవదానం కారు తాళాలు తీశాడు గానీ, ఏడుగురిని తాను ఎలా లాక్కురాగలడో అతనికి తోచలేదు.

హన్మాండ్లు కదల్లేదు. ఫోను కళ్ళకు బాగా దగ్గరగా పెట్టుకుని, అంకె అంకె చూసుకుంటూ ఏదో నంబరు నొక్కుతున్నాడు.

"ఎవరికి?"

"ఐలవ్వకే సారూ. ఆమెకు దెలిస్తే ఇగ దాసుడెందుకు?"

రెండు రింగులకే అవతల ఎత్తారు. హన్మాండ్లు నిలబడే మాట్లాడాడు. అబద్ధం చెప్పిన వదినా అన్నాడు. అంజి తాగిండు, తాగబెట్టింది నేను, గది విషం అన్నాడు. ఏడుగురు, మిద్దె, తలుపులు, అన్నీ ఒకే ఊపిరిలో చెప్పేశాడు. చెప్పాక ఫోను చెవికి కొంచెం దూరంగా పట్టుకున్నాడు, దెబ్బ కోసం చూస్తున్నవాడిలా.

ఐలవ్వ గొంతు గదిలో ముగ్గురికీ వినపడింది. ఏడుపు లేదు, ఎండిపోయి ఉంది.

"నాకెర్కే."

హన్మాండ్లు రెండో చెయ్యి కూడా వేసి ఫోను పట్టుకున్నాడు.

"బుధారం తెల్లారక ముందే ఫోన్ జేసిండు. ఒట్టు దప్పిన ఐలవ్వా అన్నడు. కండ్ల ముంగట తెల్లగ అయితాంది, బయమైతాంది, దావఖానకు పోవాల్నా అని అడిగిండు. సిగ్గులేదా, పోయి పండు అని తిట్టి ఫోన్ పెట్టేసిన. నువ్వు గుండె అన్నవు. సరే గుండెనే అని ఊరందరికీ నేను గూడ జెప్పిన." అవతల తలుపు తీసిన చప్పుడు వినపడింది. "రాజేశ్వర్ ఫోన్ బందు పెట్టుకుంటే, గా మిద్దె మీద ఇంకెవలదన్న నంబరు జెప్పు హన్మాండ్లూ. వాండ్లతోని నేను మాట్లాడత."